బడి కప్పు కింద ఊరు

(గుంటూరులో పాత బడి భవనాల గురించి జరిగిన సభలో, పంచాయతీరాజ్ ఇంజినీరుగా రిటైరైన ఒక వక్త చేసిన ప్రసంగ పాఠం)

పెద్దలకు, ఉపాధ్యాయులకు, పనులు మానుకుని ఊళ్ల నుంచి వచ్చినవాళ్లందరికీ నమస్కారం.

మన గుంటూరు, కృష్ణా జిల్లాల్లో ఏ పాత ఊరికి వెళ్లినా ఒక పెంకుటింటి బడి కనబడుతుంది. ముందు వరండా, లోపల ఒకటే పొడుగాటి గది, ఆవరణలో వేపచెట్టో నిద్రగన్నేరో. దాని పక్కనే తర్వాత ఎప్పుడో కట్టిన డాబా గదులు. పిల్లలు డాబాలో ఉంటారు. పెంకుటింటికి తాళం ఉంటుంది. తాళం వేసిన ఆ గది గురించే ఇవాళ నా మాటలు. దాన్ని పడగొట్టాలా, ఉంచాలా, ఉంచితే ఏం చేసుకోవాలి అని చాలా ఊళ్లలో తగువు నడుస్తోంది. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఆ గది ఇన్నేళ్లు నిలబడడానికి కారణం, అందులో ఎప్పుడూ ఏదో ఒక పని జరుగుతూ ఉండడమే. ఒక పని పోతే ఇంకో పని వచ్చింది. ఏ పనీ లేకుండా పోయిన రోజు నుంచే అది కూలడం మొదలైంది.

అసలు మొదట్లో బడికి భవనమంటూ లేదు. 1822లో మద్రాసు గవర్నరు థామస్ మన్రో, జిల్లాకు ఎన్ని బడులున్నాయో, వాటిలో ఎవరెవరు చదువుతున్నారో లెక్కలు పంపమని కలెక్టర్లను అడిగాడు. గుంటూరు నుంచి వెళ్లిన లెక్కలో 574 బడులున్నాయి. ఆ కాలపు బడి అంటే అయ్యవారి ఇంటి అరుగు, లేదా గుడి మండపం, లేదా ఊరి చావిడి. ఇసుక పోసి వేలితో దిద్దించేవారు. బళ్లారి కలెక్టరు క్యాంబెల్ 1823లో పంపిన నివేదికలో ఈ పద్ధతి గురించి వివరంగా రాశాడు. దసరాకు పిల్లలు విల్లంబులు పట్టుకుని ఇల్లిల్లూ తిరిగితే అయ్యవారికి నాలుగు డబ్బులు, పిల్లలకు పప్పుబెల్లాలు దొరికేవి. అదంతా మనకు ముచ్చటగానే ఉంటుంది. కానీ అరుగు అయ్యవారిది, మండపం గుడిది, చావిడి ఊరి పెద్దలది. కప్పు ఎవరిదో వాళ్లు రానిచ్చినవాళ్లే లోపలికి వచ్చారు. నేను చెప్పబోయేదంతా ఈ ఒక్క విషయం చుట్టూనే తిరుగుతుంది కాబట్టి దీన్ని గుర్తుంచుకోండి.

1871లో మద్రాసు ప్రెసిడెన్సీలో లోకల్ ఫండ్ చట్టం వచ్చింది. భూమిశిస్తు మీద సెస్సు వేసి ఆ డబ్బును రోడ్లకు, ఆస్పత్రులకు, బడులకు ఖర్చు పెట్టడం మొదలైంది. 1884 చట్టంతో జిల్లా బోర్డులు, తాలూకా బోర్డులు వచ్చాయి. ఇప్పటికీ ఎనభై దాటినవాళ్లు మన పెంకుటింటిని 'బోర్డు స్కూలు' అంటారు. వాళ్ల పిల్లలు 'సమితి స్కూలు' అంటారు, 1959లో పంచాయతీ సమితులు వచ్చాయి కాబట్టి. 1986 చట్టంతో సమితులు పోయి మండల పరిషత్తులు వచ్చాయి, మనవలు 'ఎంపీపీ స్కూలు' అంటున్నారు. గది ఒకటే, యజమాని మాత్రం రెండుసార్లు మారాడు. మారిన ప్రతిసారీ కాగితాలు సరిగ్గా చేతులు మారాయా అంటే లేదు. ఆ సంగతికి చివర్లో వస్తాను.

భవనం గురించి కొంచెం చెప్పనివ్వండి, నా వృత్తి అది. తెనాలి దగ్గర కాలవ పక్క ఊళ్లో ఒక బడిని నేను చాలా దగ్గరగా చూశాను, కొలతలు తీశాను. అడుగున్నర మందం ఇటుక గోడలు. గానుగ సున్నంతో కట్టారు. ఎద్దును కట్టి గుండ్రటి గాడిలో రాతి చక్రం తిప్పుతూ సున్నం, ఇసుక రోజుల తరబడి నూరేవారు. పైపూతకు బెల్లం నీళ్లు, కరక్కాయ నీళ్లు కలిపేవారు. తాటి దూలాలు, మంగుళూరు పెంకులు, కింద మాచర్ల నాపరాళ్లు. మనది నల్లరేగడి నేల. వానకు ఉబ్బుతుంది, ఎండకు నెర్రెలు ఇస్తుంది. ఆ కదలికకు సిమెంటు గోడ ఫట్‌మని పగులుతుంది. సున్నం గోడ కొంత సర్దుకుంటుంది, దానిలో వచ్చిన సన్నటి బీటలు తేమ తగిలినప్పుడు వాటంతట అవే కొంత పూడుకుంటాయి కూడా. అప్పటి మేస్త్రీలు ఏ కాలేజీకీ వెళ్లకుండానే ఈ నేల తత్వం తెలుసుకుని కట్టారు. లోపలి గోడకే నల్లగా పూసి బోర్డు చేశారు. బొగ్గు, దొండాకు కలిపి నూరి పిల్లలే దానికి పూత వేసేవారు.

ఆ గదిలో మూడు గుర్తులు కనిపించాయి. నడిమి దూలానికి ఒక ఇనప కొక్కెం. తలుపు పక్కన గోడలో బెత్తెడు పొడుగు చీలిక. బయట గోడ మీద తెల్లరంగుతో రాసిన ఒక నంబరు. ఈ మూడింటికీ పిల్లల చదువుతో సంబంధం లేదు. బడి వదిలాక ఆ గది చేసిన ఉద్యోగాల ఆనవాళ్లు అవి.

గోడలో చీలిక ఉత్తరాలు వేయడానికి. చాలా ఊళ్లలో తపాలా శాఖకు ఎక్స్‌ట్రా డిపార్ట్‌మెంటల్ బ్రాంచి పోస్టుమాస్టరు ఉండేవాడు, ఆ పని తరచుగా బడి పంతులుగారే చేసేవారు. పొద్దున ఎక్కాలు, సాయంత్రం మనియార్డర్లు. చదువు రానివాళ్లకు ఉత్తరం చదివి పెట్టేది ఆయనే, జవాబు రాసేదీ ఆయనే. ఏ ఇంట్లో అప్పులున్నాయో, ఎవరి కూతురికి అత్తారింట్లో కష్టమో అన్నీ ఆ గదిలో వినబడేవి. అవి నోటి వెంట బయటికి రాకుండా చూసుకున్న పంతుళ్లకు ఊళ్లో ఎంత గౌరవం ఉండేదో మీలో పెద్దవాళ్లకు తెలుసు.

కొక్కెం పెట్రోమాక్స్ లైటుకు. ఇది పెద్ద కథ. మన ప్రాంతం గ్రంథాలయోద్యమానికి పుట్టిల్లు. ఆంధ్రదేశ గ్రంథాలయాల మొదటి మహాసభ 1914లో విజయవాడలోనే జరిగింది. వేటపాలెం సారస్వత నికేతనం 1918లో మొదలైంది, ఆ రోజుల్లో వేటపాలెం గుంటూరు జిల్లాలోదే. 1935లో పెదపాలెం నుంచి పాతూరి నాగభూషణం గారు కాలవల మీద పడవలో పుస్తకాలు పంపించారు. గట్టు పక్క ఊళ్లలో పడవ ఆగితే జనం వచ్చి పుస్తకాలు తీసుకెళ్లేవారు. ఆ పుస్తకాలను లైటు కింద కూర్చుని పదిమందికి చదివి వినిపించడానికి ఊళ్లో ఒక చోటు కావాలి. పొలం నుంచి వచ్చి కాళ్లు కడుక్కుని కూర్చోవడానికి కొంచెం నేల కావాలి. చాలాచోట్ల అది బడి గదే. పౌరాణిక నాటకాల రిహార్సళ్లూ అక్కడే. హార్మోనియం ముందు రాగాలు తీసి తీసి గొంతులు బొంగురుపోయేవి. తర్వాత వయోజన విద్య వచ్చింది, 1988లో జాతీయ అక్షరాస్యత మిషన్ వచ్చింది. నెల్లూరు జిల్లాలో దూబగుంట ఆడవాళ్లు 1990ల మొదట్లో సారా దుకాణం మూయించారు. అక్షరాలు నేర్చుకోవడానికి రాత్రిపూట చేరిన ఆడవాళ్లు వాచకంలోని కథ చదువుతూ మాట్లాడుకున్న మాటల్లోంచి ఆ పట్టుదల వచ్చింది. 1993 అక్టోబరు నుంచి రాష్ట్రమంతా సారా నిషేధం అయింది. ఆడవాళ్లు రాత్రిపూట ఎవరి ఇంటికీ వెళ్లకుండా, ఎవరి అనుమతీ అడగకుండా కూర్చోగల ఒక చోటు ఉంటే ఏం జరుగుతుందో దూబగుంట చూపించింది. ఆ తర్వాత మన ఊళ్లలో పొదుపు సంఘాల మీటింగులూ ఇలాంటి గదుల్లోనే మొదలయ్యాయి.

ఇక నంబరు. అది పోలింగు స్టేషన్ నంబరు. 1952 జనవరిలో మొదటి సాధారణ ఎన్నికలప్పుడు ఒక్కో అభ్యర్థికి ఒక్కో పెట్టె పెట్టారు, పెట్టె మీద గుర్తు. తెర చాటుకు వెళ్లి, కావలసినవాడి పెట్టెలో కాగితం వేసి రావాలి. ఆ రోజు ఆ గడప దాటినవాళ్లలో, చిన్నప్పుడు చదువుకోవడానికి వస్తే అదే గడప దాటడానికి వీల్లేదనిపించుకున్నవాళ్లూ ఉన్నారు. దీని గురించి కొంచెం ఆగి మాట్లాడాలి.

పాత బడి అనగానే మనం మావిడితోరణం కట్టినట్టు మాట్లాడతాం. కానీ బోర్డు స్కూలు ఊరి మధ్యలో ఉంది. పల్లెల పిల్లలు, అంటే మాలపల్లె, మాదిగపల్లె పిల్లలు, ఎన్నో ఊళ్లలో వరండాలోనే కూర్చున్నారు. కొన్నిచోట్ల ఆవరణలోకే రానివ్వలేదు. వాళ్లకు బడి వేరే దారిలో వచ్చింది. లూథరన్ మిషనరీ హయ్యర్ 1842లో గుంటూరుకు వచ్చాడు. ఆ తర్వాత లూథరన్లు, బాప్టిస్టులు మన జిల్లా పల్లెల్లో పెట్టిన బడులు చాలా వరకు మట్టిగోడల పాకలు. సోమవారం నుంచి బడి, ఆదివారం గుడి. చదువు చెప్పే పంతులుగారే ప్రార్థన నడిపేవారు. 1920 ప్రాంతంలో మద్రాసు ప్రభుత్వం లేబర్ డిపార్ట్‌మెంటు పెట్టి, ఊరి బడిలోకి రానివ్వని పిల్లల కోసం వేరే బడులు తెరిచింది. వాటిని 'లేబర్ స్కూళ్లు' అనేవారు. ఊరికి రెండు బడులు ఎందుకున్నాయని ఇప్పటి పిల్లలు అడిగితే నిజం చెప్పండి. నాకు గట్టిగా అనిపించేది ఒకటి ఉంది. పాత బడులను కాపాడుకుందాం అని బయలుదేరినవాళ్లు ఊరి మధ్య ఉన్న పెంకుటింటి ఫొటోలే తీస్తున్నారు. పల్లెలో ఉన్న చిన్న ప్రేయర్ హాలు బడిని ఎవరూ లెక్కలోకి తీసుకోవడం లేదు. లిస్టు రాసేటప్పుడు రెండూ రాయండి.

పెళ్లిళ్ల సంగతి మీ అందరికీ తెలిసిందే. వేసవిలో బడికి సెలవులు, ముహూర్తాలూ అప్పుడే. మగపెళ్లివారి విడిది బడిలోనే. బెంచీలు బయట పెట్టి, జంపఖానాలు పరిచి, వరండాలో కాఫీ గంగాళం. ఈ విడిది కూడా అందరికీ ఒకేసారి దొరకలేదు. నాకు తెలిసిన ఒక ఊళ్లో పల్లె పెళ్లికి బడి తాళం ఇవ్వడానికి పంచాయతీలో పెద్ద గొడవ అయింది. చివరికి ఇచ్చారు. ఒకసారి ఇచ్చాక మళ్లీ ఎవరూ కాదనలేదు.

వరదలప్పుడు మాత్రం ఈ లెక్కలేవీ నిలబడలేదు. 1977 నవంబరు 19 ఉప్పెన రాత్రి దివిసీమలో గట్టి కప్పు ఎక్కడ కనబడితే అక్కడికి పరిగెత్తారు జనం. ఆ తర్వాత తీరం వెంట తుఫాను షెల్టర్లు కట్టారు. వాటిలో చాలావాటిని మామూలు రోజుల్లో బడిగా వాడుకునేలా ప్లాను వేశారు. మంచి ఆలోచన అది, ఎందుకంటే రోజూ మనుషులు తిరిగే భవనానికే తలుపులు సవ్యంగా పడతాయి, నీళ్ల పంపు పనిచేస్తుంది. 2009 అక్టోబరులో ప్రకాశం బ్యారేజీ దగ్గర 11 లక్షల క్యూసెక్కులకు పైగా నీళ్లు వచ్చాయి. లంక గ్రామాల వాళ్లు మూటాముల్లెతో, గేదెలతో గట్టెక్కారు, బడులే పునరావాస కేంద్రాలయ్యాయి. 2024 సెప్టెంబరులో అంతకంటే ఎక్కువ వచ్చింది, 11.43 లక్షలు. మళ్లీ బడులే. 2020లో కరోనా వచ్చినప్పుడు క్వారంటైన్‌కు ముందుగా గుర్తొచ్చిందీ బడులే. ఆపద రాగానే ఏ అధికారికైనా మొదట తట్టేది బడి. మిగతా రోజుల్లో ఆ బడి గురించి ఎవరూ తలుచుకోరు.

అడ్మిషన్ రిజిస్టరు గురించి చెప్పకుండా ముందుకు వెళ్లలేను. ఇక్కడ ఎంతమందికి సర్టిఫికెట్‌లో పుట్టినరోజు జూలై 1? చేతులెత్తండి. చూశారా, ముందు వరసల్లోనే ఎన్ని చేతులో! ఇంట్లో తేదీ ఎవరికీ గుర్తుండదు. 'గాలివాన వచ్చిన ఏడు పుట్టాడండీ' అంటారు. పంతులుగారు పిల్లవాడిని ఎగాదిగా చూసి, చెయ్యి తల మీదుగా చెవికి అందుతోందో లేదో చూసి, ఐదేళ్లు నిండేలా ఒక తేదీ వేసేస్తారు. ఆ తేదీతోనే ఉద్యోగం, ఆ తేదీతోనే రిటైర్మెంటు, ఆ తేదీతోనే పింఛను. ఆ రిజిస్టర్లో తండ్రి పేరు, కులం, ఇంటి వృత్తి, ఏ తరగతిలో మానేశాడు, ఎందుకు మానేశాడు అన్నీ ఉంటాయి. ఆడపిల్లల వరసలు చూస్తే మూడో తరగతి దగ్గరికి వచ్చేసరికి పేర్లు పలచబడిపోతాయి. ఊరి చరిత్ర రాయాలనుకునేవాళ్లకు ఇంతకంటే మంచి పుస్తకం దొరకదు. చాలాచోట్ల ఈ రిజిస్టర్లు తాళం వేసిన గదిలో చెదలు పట్టిన చెక్కబీరువాలో ఉన్నాయి. గది పడితే వాటితోపాటే ఆ పేర్లూ పోతాయి.

మరి తాళం ఎలా పడింది? 1987లో ఆపరేషన్ బ్లాక్‌బోర్డు వచ్చింది. ప్రతి ప్రాథమిక పాఠశాలకు కనీసం రెండు గదులు, ఇద్దరు టీచర్లు ఉండాలన్నారు. అవసరమైన పనే. నేనూ ఆ గదులు కట్టించినవాణ్ణే. తర్వాత సర్వశిక్షా అభియాన్ గదులు వచ్చాయి. పిల్లలు కొత్త గదుల్లోకి వెళ్లారు. పెంకుటిల్లు కొన్నాళ్లు అంగన్‌వాడీ అయింది. 2003లో మధ్యాహ్న భోజనం వచ్చాక బియ్యం బస్తాల గది అయింది. తర్వాత విరిగిన బెంచీల గది అయింది. ఈలోగా ప్రైవేటు స్కూలు బస్సులు ఊళ్లలోకి వచ్చి పిల్లల్ని తీసుకెళ్లిపోయాయి. ఎక్కడైనా అరవైమంది ఉండే బడిలో పదిహేనుమంది మిగిలితే పాత గదితో ఎవరికీ అవసరం లేదు. తాళం వేశారు.

తాళం వేశాక ఏమవుతుందో ఇంజినీరుగా చెబుతాను. కోతి దూకితే ఒక పెంకు జరుగుతుంది. గదిలో జనం ఉంటే, మొదటి వానకే నెత్తిన చుక్క పడుతుంది, మర్నాడు మనిషిని ఎక్కించి పెంకు సర్దిస్తారు. అరగంట పని. గదిలో ఎవరూ లేకపోతే ఆ చుక్క వాసం మీదే పడుతూ ఉంటుంది. వాసం నానుతుంది, చెదలు ఎక్కుతుంది. రెండు మూడు వానాకాలాలకు వాసం వంగుతుంది, చుట్టూ ఉన్న పెంకులన్నీ జారతాయి. ఇప్పుడు నీళ్లు గోడ నెత్తి మీద పడతాయి. సున్నం గోడ పక్కనుంచి కొట్టిన జల్లును తట్టుకుంటుంది, పైనుంచి దిగే నీటిని తట్టుకోలేదు. గోడ నడుములో పొంగుతుంది. అప్పుడు మావంటి వాళ్లం వెళ్లి 'శిథిలం, ప్రమాదకరం' అని రాస్తాం. ఆ రోజు రాసింది నిజమే. దానికి మూలం మాత్రం అరగంట పని చేయించేవాడు లేకపోవడం.

ఇంకో హాని మంచి ఉద్దేశంతో జరుగుతుంది. పాత విద్యార్థులు చందాలేసుకుని గోడలకు సిమెంటు ప్లాస్టరింగు చేయించి, పైన మెరిసే రంగు వేయిస్తారు. మన డెల్టాలో భూగర్భ నీరు పైపైనే ఉంటుంది. చెమ్మ గోడలోకి ఎక్కుతుంది. సున్నం పూత ఉంటే ఆ చెమ్మ బయటికి ఆరిపోతుంది. సిమెంటు దాన్ని లోపలే బంధిస్తుంది. నాలుగేళ్లకు ప్లాస్టరింగు పలకలుగా ఊడుతుంది, దానితోపాటు ఇటుక తోలూ లేచిపోతుంది. దయచేసి సిమెంటు జోలికి పోకండి. సున్నం పనివాళ్లు ఇప్పటికీ ఉన్నారు, పాత గుళ్ల మరమ్మతుల దగ్గర అడిగితే తెలుస్తుంది.

ఇక ఏం చేసుకోవాలంటారా? మ్యూజియం చేద్దామని చాలామంది అంటున్నారు. వాళ్ల ప్రేమ నాకు అర్థమవుతుంది. కానీ ప్రారంభోత్సవం అయిన ఆరు నెలలకు మ్యూజియానికి తాళం పడుతుంది. రోజూ తలుపు తీసే పని పెట్టండి. సాయంత్రం పిల్లలు హోంవర్కు చేసుకునే చోటు, పోటీ పరీక్షలకు చదువుకునేవాళ్లకు రీడింగు రూము, కుట్టు మిషన్ల శిక్షణ, వయసు మీద పడ్డవాళ్లు పొద్దుటిపూట కూర్చుని పేపరు చదువుకునే చోటు. మన ఇళ్లలో ఇప్పుడు ముసలివాళ్లు ఒంటరిగా ఉంటున్నారు, పిల్లలు హైదరాబాదులోనో అమెరికాలోనో. ఈ చివరి పని ఒక్కటి చాలు ఆ గది తలుపు రోజూ తెరుచుకోవడానికి. ఏది పెట్టినా తాళంచెవి ఒక మనిషి పేరున ఉండాలి, మే నెలాఖరులో పెంకు సర్దించడానికి పంచాయతీ బడ్జెట్టులో ఒక పద్దు ఉండాలి.

ఇందాక కాగితాల సంగతి చెబుతానన్నాను. బడి స్థలం చాలా ఊళ్లలో ఎవరో దాత ఇచ్చింది. ఇప్పుడు సెంటు ధర చూసి, 'మా తాత బడికిచ్చాడు, అక్కడ బడి లేదు కాబట్టి అది మాదే' అని వారసులు వస్తున్నారు. ఒక ఊళ్లో రాత్రికి రాత్రి ప్రహరీ లేచింది. దానపత్రంలో ఏం రాసి ఉందో చూడకుండా భవనం వాడకం మార్చకండి. 'విద్య కోసం' అని ఉంటే రీడింగు రూముకు ఇబ్బంది ఉండకపోవచ్చు, 'ప్రాథమిక పాఠశాల కోసం మాత్రమే' అని ఉంటే ముందు లాయరుతో మాట్లాడాలి. కొన్ని స్థలాలు బోర్డు పేరు మీదే ఉండిపోయాయి, సమితికీ మారలేదు, మండలానికీ మారలేదు. గ్రామసభలో తీర్మానం చేయించి, సర్వే నంబరుతో సహా రికార్డులో ఎక్కించాలి.

దానపత్రం నకలు సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో దొరుకుతుంది. దాత పేరు, సుమారుగా ఏ సంవత్సరమో తెలిస్తే వెతకడం తేలిక. సంవత్సరం తెలియకపోతే అడ్మిషన్ రిజిస్టరు మొదటి పేజీలో ఉన్న తేదీ నుంచి వెనక్కి వెతకండి. రిజిస్టరు ఫోన్‌తో పేజీ పేజీ ఫొటో తీసుకోండి, హెడ్మాస్టరు గారి అనుమతి అడిగి, ఆయన ఎదురుగానే. ఈ వానాకాలం లోపలే తీయండి. కాగితాలతో వచ్చినవాళ్లు సభ అయ్యాక ఇక్కడే ఆగండి, ఒక్కొక్కరివీ చూద్దాం. నమస్కారం.